ఇసుకలా నటించిన బంకమట్టి: ఏడో తరగతిలో మట్టి టెక్స్చర్ పాఠం, ఒక కేస్ స్టడీ

తరగతి: ఏడు. పిల్లలు 32 మంది, నలుగురేసి ఎనిమిది జట్లు. సమయం: 40 నిమిషాల పీరియడ్లు ఐదు, వాటిలో రెండు ఒకే రోజు వరసగా. లక్ష్యం: గుప్పెడు మట్టి ఇస్తే అందులో ఇసుక, ఒండ్రు, బంక పాళ్లు (ఆ పాళ్లనే టెక్స్చర్ అంటారు) ఉజ్జాయింపుగా చెప్పగలగాలి, ఎందుకలా అనుకుంటున్నారో చూపించగలగాలి.

ఈ పాఠం సాధారణంగా ఒక్క సీసాతో ముగిసిపోతుంది. మట్టి, నీళ్లు పోసి ఊపుతారు, పొరలు ఏర్పడతాయి, బొమ్మ గీస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ, సీసా ఏం చెబితే అదే నిజమని పిల్లలకు అలవాటవుతుంది. ఇక్కడ ఒకే మట్టికి మూడు పరీక్షలు పెట్టారు: చేతి పరీక్ష, సీసా పరీక్ష, వార్పు పరీక్ష. మూడూ ఒకే జవాబు ఇవ్వవు. ఆ తేడా దగ్గరే తరగతి ఎక్కువసేపు ఆగేలా పాఠాన్ని అల్లారు.

నమూనాల ఎంపిక

నాలుగు మట్టులు. 1వది ఇసుక పాలు ఎక్కువున్నది. 2వది గరప, అంటే ఏ ఒక్కటీ మితిమీరకుండా మూడూ కలిసిన మట్టి. 3వది ఎర్రటి బంకమట్టి. ఎండితే చిన్న చిన్న గట్టి గుళికలుగా విడిపోతుంది, వేళ్లతో నలిపితే అచ్చం ఇసుకలా గరగరలాడుతుంది. 4వది ఎరువు బాగా కలిసిన తోటమట్టి. చివరి రెండూ కావాలని ఎంచిన ఉచ్చులు. వరసగా నాలుగు మంచి నమూనాలు ఇస్తే పిల్లలు రంగు చూసి జవాబు చెప్పేస్తారు. నల్లగా ఉంటే బంక, తెల్లగా ఉంటే ఇసుక అన్న ఊహ గట్టిగా నాటుకుని ఉంటుంది. రంగును నిర్ణయించేది ముఖ్యంగా ఇనుము ఆక్సైడ్లు, సేంద్రియ పదార్థం. రేణువుల పరిమాణానికీ రంగుకూ నేరుగా సంబంధం లేదు.

ఒక్కో నమూనా రెండు కిలోలు సరిపోతుంది. పైన రెండు మూడు సెంటీమీటర్ల చెత్తాచెదారం తీసేసి, 15 సెం.మీ. లోతు వరకు తవ్వి తీసుకోవాలి. మురుగు కాలువల పక్కన, పశువులు కట్టేసే చోట, గాజు పెంకులు ఉండే చోట తీయకూడదు. నీడలో పలచగా పరిచి రెండు మూడు రోజులు ఆరబెట్టి, చెక్కతో మెత్తగా నలిపి, 2 మి.మీ. జల్లెడ పట్టాలి. టెక్స్చర్ లెక్కలో 2 మి.మీ. కంటే పెద్ద రాళ్లు రావు, జల్లెడ అందుకే. సుత్తితో గట్టిగా దంచితే రాతి ముక్కలు కూడా పిండై లెక్కలోకి వచ్చేస్తాయి.

వేళ్ల మీద గాయాలున్న పిల్లలకు చేతొడుగులు ఇవ్వాలి, లేదా రాసే పని అప్పగించాలి. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్లలోపల కూడా.

మొదట పరిమాణం కళ్లకు కట్టాలి

అమెరికా వ్యవసాయ శాఖ వర్గీకరణలో ఇసుక 2 నుంచి 0.05 మి.మీ., ఒండ్రు 0.05 నుంచి 0.002 మి.మీ., బంక 0.002 మి.మీ. లోపు. ఈ అంకెలు బోర్డు మీద రాస్తే పిల్లలకు అన్నీ ‘చాలా చిన్నవి’ అనే ఒకే గంపలో పడతాయి. అందుకని అన్నిటినీ 500 రెట్లు పెంచారు. అప్పుడు అతిపెద్ద బంక రేణువు పెన్సిల్ మొనతో పెట్టిన 1 మి.మీ. చుక్క. అతిపెద్ద ఒండ్రు రేణువు 2.5 సెం.మీ. గుండ్రం. అతిపెద్ద ఇసుక రేణువు నేల మీద సుద్దముక్కతో గీసిన ఒక మీటరు వ్యాసం గల వలయం. పిల్లలే తాడుతో గీశారు. పది నిమిషాల పని. ఇది వదిలేస్తే తర్వాత సీసాలో ఇసుక నిమిషంలో ఎందుకు దిగిందో, బంక రెండో రోజు దాకా ఎందుకు తేలుతుందో వివరించడానికి అంతకు రెట్టింపు సమయం పోతుంది.

చేతి పరీక్ష

మట్టి శాస్త్రవేత్త ఎస్.జె. థియన్ 1979లో బోధన కోసం రూపొందించిన మెట్ల పటమే (ఒక్కో ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి తర్వాతి మెట్టు చూపేది) దీనికి ఆధారం. దాన్ని ఏడో తరగతికి కాస్త కుదించారు. అరచేతిలో 25 గ్రాముల మట్టి, అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్లు. నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ పిసకాలి. ముద్ద కిటికీ సందుల్లో పెట్టే లప్పం అంత మెత్తగా ఉండాలి, చేతికి నీరు అంటకూడదు. డ్రాపర్ లేదా మూతకు చిల్లు పెట్టిన సీసా తప్పనిసరి. గ్లాసుతో పోయనిస్తే సగం జట్లలో మట్టి బురదైపోతుంది. అలా అయినప్పుడు పొడిమట్టి కొంచెం కలిపి మళ్లీ పిసికితే సరి.

పిడికిలిలో నొక్కినా ముద్ద కట్టకపోతే అది ఇసుక. ముద్ద కడితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పైకి నెడుతూ పట్టీ తీయాలి. పట్టీ వేలి అంచు దాటి తన బరువుకు తానే తెగేదాకా సాగనిచ్చి, తెగిన ముక్కను స్కేలుతో కొలవాలి. పట్టీ అసలు రాకపోతే గరప ఇసుక. 2.5 సెం.మీ. లోపు తెగితే గరప వర్గం. 2.5 నుంచి 5 మధ్య బంక గరప వర్గం. 5 దాటితే బంక. తర్వాత చిటికెడు మట్టిని అరచేతిలో బాగా నీళ్లతో తడిపి చూపుడువేలితో రుద్దాలి. గరగర ఎక్కువగా తగిలితే పేరుకు ముందు ‘ఇసుక’ చేరుతుంది, నున్నగా జారితే ‘ఒండ్రు’ చేరుతుంది. రెండూ సమానమైతే ఏమీ చేరదు.

పట్టీ పొడవులో జట్టుకూ జట్టుకూ తేడా వస్తుంది. కారణాలు మూడే. పట్టీ మందం ఒకటి: 2 మి.మీ. మందాన తీసిన పట్టీ, 5 మి.మీ. మందాన తీసిన పట్టీ ఒకేచోట తెగవు. ఆరు పుస్తకాల అట్టల మందం అని చెప్పే బదులు 3 మి.మీ. మందపు అట్టముక్క ఒకటి నమూనాగా జట్టుకు ఇవ్వడం మేలు. రెండోది తడి. మూడోది, అన్నిటికంటే పెద్దది, పిసికిన సమయం.

3వ నమూనా ఇక్కడ పట్టుబడింది. అర నిమిషం పిసికి వదిలేసిన జట్లు దానికి ‘ఇసుక గరప’ అని రాశాయి. రెండు నిమిషాలకు పైగా పిసికిన రెండు జట్ల దగ్గర పట్టీ 5 సెం.మీ. దాటింది, ‘బంక’ అని రాశాయి. మట్టి ఒకటే, డబ్బా ఒకటే. బాగా పాతబడిన ఎర్రమట్టుల్లో ఇనుము ఆక్సైడ్లు బంక రేణువులను గట్టిగా అతికించి గుళికలు చేస్తాయి. వేలికి అవి ఇసుక రేణువుల్లాగే తగులుతాయి. తడిపి, ఒత్తి, నలిపితే తప్ప విడిపోవు. టెక్స్చర్ వేరు, రేణువులు గుళికలుగా కట్టుకునే నిర్మాణం వేరు అని ఎంత చెప్పినా మిగలని విషయం ఈ ఒక్క ముద్దతో మిగులుతుంది. టీచరు ఇక్కడ ఎవరిది సరైనదో చెప్పలేదు. ఎనిమిది జవాబులూ బోర్డు మీద రాసి, ఎన్ని నిమిషాలు పిసికారో పక్కన రాయించారు. ఆ రెండో నిలువు వరస చూశాక ప్రశ్న పిల్లల నుంచే వచ్చింది: ఇంకా పిసికితే ఇంకా మారుతుందా?

4వ నమూనా ఇంకో రకం ఇబ్బంది. ఎరువు ఎక్కువున్న మట్టి నున్నగా జారుతుంది, పిల్లలు ఒండ్రు అనుకుంటారు. తేల్చే ఉపాయం సీసాలోనే దొరుకుతుంది: సేంద్రియ పదార్థంలో కొంత పైకి తేలుతుంది, ఒండ్రు తేలదు.

సీసా పరీక్ష

లీటరు సీసా, గోడలు నిటారుగా ఉన్నది. మెడ సన్నబడే సీసాల్లో, అడుగు లోపలికి గుంట పడిన సీసాల్లో పొర ఎత్తు కొలిస్తే లెక్క తప్పుతుంది. అడుగున నాలుగు సెంటీమీటర్ల ఎత్తున పొడిమట్టి, 16 సెం.మీ. మట్టం వరకు నీళ్లు, పైన ఊపడానికి మూడు సెంటీమీటర్లు ఖాళీ. మట్టి ఇంకా ఎక్కువ వేస్తే పొరలు మందంగా వచ్చి కొలవడం సులువవుతుందనిపిస్తుంది, కానీ చిక్కటి బురదలో రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి నెమ్మదిగా దిగుతాయి, ఇసుక గీత తప్పుతుంది.

రేణువులను విడదీయడానికి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ లీటరుకు 5 గ్రాములు. ప్రయోగశాలల్లో వాడేది ఇదే. దొరకకపోతే గిన్నెలు కడిగే యంత్రాలకు వాడే నురగ రాని పొడి ఒక టీస్పూను. మామూలు సబ్బు నీళ్లు వద్దు, నురగ పైమట్టాన్ని కప్పేస్తుంది. నీటి కఠినత్వం తగ్గించడానికి కాల్గాన్ పేరుతో అమ్మే పొడులన్నిటిలోనూ ఈ ఫాస్ఫేట్ ఉండదు, లేబుల్ చదివి కొనాలి. పొడిని టీచరే కొలిచి వేయాలి, కళ్లలో పడితే మండుతుంది.

ముందు రోజు సాయంత్రమే మట్టిని ఈ నీళ్లలో నానబెట్టారు. మర్నాడు జట్టులో వంతులవారీగా పది నిమిషాలు ఊపించారు. ఊపుడు ఆపి సీసాను బల్ల మీద పెట్టిన క్షణం నుంచి గడియారం మొదలు. బల్ల కదలకూడదు, కాబట్టి గోడ పక్క బల్లలు మంచివి. సీసాకు నిలువుగా కాగితపు టేపు అతికించి, ఒక నిమిషానికి మొదటి గీత, రెండు గంటలకు రెండోది, 48 గంటలకు మూడోది. మొదటి గీత కష్టం. నీళ్లు అప్పటికి చిక్కటి బురదలా ఉంటాయి, లోపల ఏదీ కనబడదు. సీసా వెనక నుంచి టార్చి వేస్తే కూర్చున్న ఇసుక చీకటి పట్టీలా తెలుస్తుంది. ఒకరు గడియారం చూస్తూ లెక్క చెప్పాలి, ఒకరు పెన్సిల్ సిద్ధంగా పట్టుకోవాలి.

ఒక నిమిషమే ఎందుకు? నీళ్లలో చిన్న గుండ్రటి రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుంది, ఇది స్టోక్స్ నియమం. 20 డిగ్రీల నీటిలో 0.05 మి.మీ. రేణువు సెకనుకు సుమారు 2.2 మి.మీ. దిగుతుంది, 10 సెం.మీ.కు 45 సెకన్లు. 0.002 మి.మీ. రేణువు వ్యాసంలో 25వ వంతు, అంటే వేగంలో 625వ వంతు, 10 సెం.మీ.కు దాదాపు 8 గంటలు. 16 సెం.మీ. సీసాలో అడుగున కొంత మట్టి పేరుకుంటుంది కాబట్టి ఒక నిమిషం సరిపోతుంది. 25 సెం.మీ. పొడుగు సీసా తెచ్చి అదే నిమిషానికి గీత పెడితే ఇసుక తక్కువ చూపిస్తుంది.

ఇదే లెక్క రెండు గంటల గీత గుట్టు కూడా విప్పుతుంది. 16 సెం.మీ. నీటిలో రెండు గంటలకు 0.005 మి.మీ. దాకా ఉన్న రేణువులే పూర్తిగా దిగుతాయి. సన్నటి ఒండ్రు ఇంకా పైనే ఉండి, తర్వాత బంక పొరలో చేరిపోతుంది. దానికి తోడు బంక పొర వదులుగా, నీళ్లు నింపుకుని పేరుకుంటుంది. ఎత్తు కొలిస్తే ఆ నీళ్లనూ కలిపి కొలిచినట్టే. అందుకే రేణువులు బాగా విడిపోయిన సీసా బంకను ఎక్కువ చేసి, ఇసుకను తక్కువ చేసి చూపిస్తుంది. సీసా శాతాలను దశాంశాల దాకా లెక్కించే అలవాటు మాన్పించాలి. 5 శాతానికి సవరించి రాయడమే నిజాయితీ.

3వ నమూనాను మాత్రం రెండు సీసాల్లో పెట్టారు, ఒకదాంట్లో రేణువులను విడదీసే పొడి ఉంది, రెండోదాంట్లో లేదు.

పొడి లేని సీసా: ఒక నిమిషానికి 3.1 సెం.మీ., చివరి ఎత్తు 4.6. ఇసుక 67 శాతం.
పొడి వేసిన సీసా: ఒక నిమిషానికి 1.0, రెండు గంటలకు 2.1, చివరికి 5.0. ఇసుక 20, ఒండ్రు 22, బంక 58 శాతం.

మొదటి సీసాలో ‘ఇసుక’గా కూర్చున్నది చాలామటుకు విడిపోని గుళికలే. అర నిమిషం పిసికిన చేతులు, పొడి లేని సీసా ఒకే తప్పు జవాబు ఇచ్చాయన్నమాట. రెండు పద్ధతులు ఏకీభవించాయి కాబట్టి జవాబు సరైనదే అనే వాదన తరగతిలో వచ్చింది, అది రావడం మంచిదే. రెండింటిలోనూ ఒకే అడుగు వదిలేశారు: గుళికలను విడగొట్టడం.

ఈ పరీక్షలో ఇంకో తప్పు కూడా తరచూ ఎదురవుతుంది. ఉప్పు లేదా పటిక కలిసినా, నీళ్లు బాగా కఠినజలమైనా బంక రేణువులు గుంపులు కట్టి గంటలోపే దిగిపోతాయి, పైన తేట నీళ్లు కనబడతాయి. పిల్లలు ‘బంక లేదు’ అని రాస్తారు. వీలైతే వాన నీళ్లు లేదా స్వేదనజలం వాడాలి. దీనికి ఎదురు సమస్య 48 గంటలైనా నీళ్లు తేటపడకపోవడం. అది తప్పు కాదు, అతిసన్న బంక వారం దాకా తేలవచ్చు. ‘ఇంకా తేలుతోంది’ అని రాసి మూడో గీత పెట్టేయాలి.

వార్పు పరీక్ష: తగవు తీర్చేది

ఇది పాఠ్యపుస్తకాల్లో అరుదు, కానీ ఈ మూడింటిలో నమ్మదగింది ఇదే. ఎందుకంటే ఎత్తు కాక బరువు కొలుస్తుంది. 50 గ్రాముల పొడిమట్టిని, రేణువులను విడదీసే పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా కలియబెట్టి, బీకరులో 10 సెం.మీ. మట్టం వరకు నీళ్లు నింపాలి. మరోసారి కలిపి 45 సెకన్లు ఆగి, పైన బురద నీళ్లను నెమ్మదిగా బకెట్లోకి వార్చేయాలి. మళ్లీ 10 సెం.మీ. వరకు నీళ్లు, మళ్లీ కలిపి 45 సెకన్లు, మళ్లీ వార్పు. వార్చే నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయాలి, బంకమట్టికి ఎనిమిది పది సార్లు పట్టవచ్చు. అడుగున మిగిలేది ఇసుక. ఆరబెట్టి తూకం వేసి, రెండుతో గుణిస్తే శాతం వచ్చేస్తుంది. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటే చిక్కదనం తగ్గి రేణువులు త్వరగా దిగుతాయి, 35 సెకన్లు చాలు.

3వ నమూనాలో పొడి లేకుండా మిగిలింది 31 గ్రాములు, అంటే 62 శాతం. పొడితో 14 గ్రాములు, 28 శాతం. మొదటి గిన్నెలో ఎండిన ‘ఇసుక’ను గోటితో నొక్కితే పిండి అయింది, రెండో గిన్నెలోది కాలేదు. భూతద్దం ఇస్తే మెరిసే రేణువులకూ ఎర్రటి గుళికలకూ తేడా కళ్లతోనే తెలుస్తుంది. సీసాలో 20, వార్పులో 28 ఎందుకొచ్చాయో, సీసాలో పొరల ఎత్తు సంగతి అర్థమైన జట్లు తామే చెప్పగలిగాయి: సీసా కొలిచింది ఎత్తును, వదులుగా ఉన్న బంక పొర ఆ ఎత్తులో ఎక్కువ చోటు తినేసింది.

తొందరపడి వార్చితే కుదుపుకు ఇసుక కూడా పోతుంది. అడుగున ఒక సెంటీమీటరు నీళ్లు వదిలేయమనాలి. తూకం 1 గ్రాము దాకా చూపితే చాలు.

బంక ఎంత ఉంటే బంకమట్టి?

ఈ ప్రశ్నకు పిల్లలు చెప్పే సంఖ్య ఎప్పుడూ సగం పైనే. వర్గీకరణ త్రిభుజంలో (మూడు పక్కల మీద ఇసుక, ఒండ్రు, బంక శాతాలు గుర్తించి మట్టి వర్గం చూసే పటం) 40 శాతం బంకకే ‘బంక’ వర్గం మొదలవుతుంది, మొత్తం వర్గాలు 12. సమానంగా మూడో వంతు చొప్పున మూడూ ఉంటే గరప అవుతుందని కూడా అనుకుంటారు. త్రిభుజంలో ఆ బిందువు పడేది బంక గరపలో. గరపకు నమూనా కావాలంటే ఇసుక 40, ఒండ్రు 40, బంక 20.

కారణం చేతికే తెలియాలి. కడిగి ఆరబెట్టిన ఇసుక, కుండలు చేసే మట్టి పొడి తీసుకుని మొత్తం 50 గ్రాములయ్యేలా నాలుగు మిశ్రమాలు కలిపించారు: మట్టి పొడి 0, 5, 10, 20 గ్రాములు, అంటే 0, 10, 20, 40 శాతం. సున్నాలో ముద్ద విడిపోతుంది. పదిలో ముద్ద నిలుస్తుంది కానీ వేలితో తట్టగానే రాలిపోతుంది. ఇరవైలో చిన్న పట్టీ వస్తుంది. నలభైలో, అంటే ఇసుకే ఎక్కువున్నా, మట్టి వేళ్లకు అంటుకుని పట్టీ సాగుతుంది. సన్నటి రేణువులకు ఉపరితల వైశాల్యం ఎక్కువ, ఇసుక రేణువుల చుట్టూ పూతలా పట్టేస్తాయి. కుండల మట్టిలో ఒండ్రు, సన్న ఇసుక కూడా ఉంటాయి కాబట్టి ఈ శాతాలు పైపై లెక్కలే, ఆ మాట పిల్లలకు చెప్పాలి.

త్రిభుజం చదవడంలో జరిగే తప్పు ఒకటే: మూడు పక్కల గీతలు మూడు దిక్కులకు వాలి ఉంటాయి, పిల్లలు అన్నిటినీ అడ్డంగా చదివేస్తారు. మూడు రంగుల దారాలు ఇచ్చి, బంకకు అడ్డ దారం, మిగతా రెంటికి అంకె వాలిన దిక్కుకే దారం పట్టించాలి. రెండు దారాలు కలిసిన చోటే జవాబు, మూడోది సరిచూసుకోవడానికి.

నీరు ఇంకే పరీక్ష

చివర్లో ఇది పెట్టారు. అడుగు కోసి తలకిందులు చేసిన సీసాలు, మూతి దగ్గర గుడ్డ, ఒక్కోదాంట్లో 200 మి.లీ. మట్టి, పైన 200 మి.లీ. నీళ్లు, పది నిమిషాల్లో కిందికి దిగిన నీళ్లు కొలవాలి. ఎండి బీటలు వేసిన బంకలో నీళ్లు పగుళ్ల గుండా జర్రున దిగిపోయి ఇసుకను మించిపోతాయి. ముందుగా మట్టిని తడిపి, సీసా గోడ వెంట వేళ్లతో ఒత్తి, అరగంట ఆగి అప్పుడు మొదలుపెట్టాలి. అలా చేసినా 3వ నమూనా 2వ దానికంటే త్వరగా నీళ్లు వదిలింది. బంక ఉంది కదా అని ఆశ్చర్యపోనక్కర్లేదు: గుళికల మధ్య ఖాళీలు పెద్దవి. నీటి కదలికలో టెక్స్చర్‌తో పాటు నిర్మాణానికీ వాటా ఉంది. అందుకే ఈ పరీక్షతో టెక్స్చర్ తేల్చకూడదు, తేలిన తర్వాతే ఇది పెట్టాలి.

మూల్యాంకనం, సర్దుబాటు

చివరికి పేరు లేని ఐదో నమూనా ఒక్కొక్కరికి 25 గ్రాములు ఇచ్చారు. వర్గం పేరుకు రెండు మార్కులు, పట్టీ పొడవు, పిసికిన సమయం, రుద్దినప్పుడు తగిలిన తీరు రాసినందుకు ఆరు, ఏ పరీక్షతో దీన్ని సరిచూడాలో చెప్పినందుకు రెండు. త్రిభుజంలో పక్క వర్గం రాసినా పేరు మార్కులు పూర్తిగా ఇచ్చారు. చేతి పరీక్షలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక్కోసారి పక్క గడిలో పడతారు.

బురద నీళ్లు సింకులో పోస్తే గొట్టం మూసుకుపోతుంది. బకెట్లో ఒక రాత్రి ఉంచి, పైన తేరిన నీళ్లు పారబోసి, అడుగు మట్టిని కుండీలకు కాక ఖాళీ స్థలంలో వేయాలి, అందులో సోడియం ఉంటుంది. చేతి పరీక్ష ముద్దలను ఆరబెట్టి, నలిపి, జల్లించి వచ్చే తరగతికి దాచుకోవచ్చు. 3వ నమూనా ముద్దలు మాత్రం పారేయాలి, ఒకసారి బాగా పిసికాక ఆ మట్టిలో గుళికలు మిగలవు, తర్వాతి తరగతికి అది మామూలు బంకమట్టిలాగే తగులుతుంది. దాన్ని ప్రతిసారీ కొత్తగా తవ్వి తేవాలి.